మధ్యాహ్నాల్లో ఆగిన మిషను

ఏప్రిల్ 8, మంగళవారం

డాక్టరు గారు చెప్పింది మరచిపోకముందే రాసుకుంటున్నాను. మా పిల్ల అక్కడే ఉంది గాని వింటున్నట్టు లేదు. కట్టు కట్టిన కాలు ఎదుటి కుర్చీ మీద చాపుకుని గోడ మీది ఎముకల బొమ్మకేసి చూస్తూ కూర్చుంది.

ఎముకల చివర తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుందట. మృదులాస్థి. చెవి డొప్పలో, ముక్కు కొసలో ఉంటుందని బళ్ళో చదివాను. మోకాల్లో కూడా ఉంటుందని చదివానో లేదో గుర్తు లేదు. లైను పనిలో కరెంటు స్తంభం మీంచి జారినప్పుడు మోకాలు ఇనుప కమ్మీకి కొట్టుకుని, ఆ పొరలోంచి చొక్కా బొత్తామంత ముక్క లేచిపోయింది.

"చర్మం తెగితే అతుక్కుంటుంది. ఎముక విరిగినా అతుక్కుంటుంది. ఇది అతుక్కోదమ్మా" అన్నారు.

ఆ పొరలో కణాలు చాలా తక్కువట. ఒక్కొక్కటీ దాని గదిలో అది ఒంటరిగా ఉంటుందట. వాటికి రక్తం అందదు, నరాలు లేవు. కీలులో ఉండే జిగురు నీళ్ళే వాటికి అన్నం. కాలు కదిలినప్పుడు ఆ పొర స్పాంజిలా నొక్కుకుని, మళ్ళీ వదులై, ఆ నీళ్ళు పీల్చుకుంటుంది.

"కదిలితే తిండి. కదలకపోతే పస్తు."

"పస్తుంటే ఏడవవా సార్ అవి?" అంది పిల్ల. అప్పుడు తెలిసింది, అన్నీ వింటోందని.

"నరాలు లేవన్నాను కదా. ఏడవవు, చెప్పవు. మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది."

మోకాలి అంచున, బరువు పడని చోట చిన్న పిసరు తీసి, అందులోని కణాలను ల్యాబులో పెంచి, నెలా నెలన్నర తరవాత ఆ గుంటలో నింపుతారట.

"అంటే నా మోకాలి పిల్లల్ని ఎక్కడో పెంచి, పెద్దయ్యాక నాకే దత్తత ఇస్తారన్నమాట" అంది. డాక్టరు గారు నవ్వారు. తరవాత అది నవ్వకుండా అడిగింది: "మళ్ళీ స్తంభం ఎక్కొచ్చా?"

"అన్నీ కుదిరితే ఎక్కొచ్చు. ఏడాది పడుతుంది."

అన్నీ కుదిరితే అన్న మాట నేను మనసులో చాలాసార్లు అనుకున్నాను.

ఏప్రిల్ 10

పిసరు తీశారు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది.

సాయంత్రం బాబాయి వచ్చాడు. పిల్లకు బాబాయి, నాకు మరిది వరస, చుట్టరికం ఏమీ లేదు. మా ఆయనతో ఒకే కరెంటు గ్యాంగులో పని చేశాడు, ఇప్పుడు గ్యాంగుకు పెద్ద.

"ఏమే పిచ్చుకా, గూట్లో కూచున్నావా?"

"ఒంటికాలి మీద నిలబడుతున్నాను బాబాయ్. పిచ్చుక పోయి కొంగయ్యింది."

"కొంగవైతే చెరువులో చేపలు పట్టుకో. మా తీగల మీద వాలకు, బరువు ఆపలేవవి." తరవాత నావైపు తిరిగి, "వదినా, దీని స్తంభమెక్కే బెల్టు ఎవరికీ ఇవ్వలేదు. మేకుకు అలాగే తగిలించి ఉంచాను" అన్నాడు.

నేను మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు తేలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఆయన పోయిన రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. లైను ఆపేశారు, అన్నీ సరి చూసుకున్నారు. ఏదో ఇంట్లో జనరేటరు వేస్తే ఆపేసిన లైనులోకి కరెంటు వెనక్కి తన్నింది. తప్పు ఎవరిదీ కాదన్నారు. ఆయన ఉద్యోగం పిల్లకు ఇచ్చారు. ఆఫీసులో కుర్చీ ఇస్తామంటే, నాన్న పనే కావాలంది. ఆ రోజు నేను వద్దనలేదు. గట్టిగా మాట్లాడడం నాకు ఎప్పుడూ చేతకాదు.

ఏప్రిల్ 27

కణాలు బాగా పెరుగుతున్నాయని ల్యాబు నుంచి ఫోన్. వాటి కోసం కూడా దేవుడికి చెప్పుకున్నాను.

మే 6

మధ్యాహ్నం నిద్రలో పిల్ల "పట్టు, పట్టు" అని కేక పెట్టింది. వెళ్ళి లేపాను. ఒళ్ళంతా చెమట.

"ఏం కలే?"

"క్రికెట్టమ్మా. క్యాచ్ వదిలేశారు" అని అటు తిరిగి పడుకుంది. అది క్రికెట్ చూడగా నేనెప్పుడూ చూడలేదు.

పొద్దున్న దేవుడి ముందు కూర్చున్నప్పుడు, దాని కాలు మునుపటిలా చెయ్యి స్వామీ అన్నాను. వెంటనే, దాన్ని మళ్ళీ పైకి పంపకు స్వామీ అన్నాను. రెండూ ఒక్క నోటితోనే అడిగాను. ఎలా చెయ్యాలో స్వామికి తెలుసు. మనం చెప్పకూడదు.

మే 21, బుధవారం

ఆపరేషన్ అయింది. పెంచిన కణాలను గుంటలో నింపి, పైన పల్చని పొర అతికించారు. ఇక దేవుడి దయ.

మే 25

ఇంటికి వచ్చేశాం. నేను పని చేసే నర్సరీ బడికి జూలై మొదటి వారం దాకా సెలవులు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆయా పనికి సెలవు అడగాల్సి వచ్చేది.

మిషను మంచం మీదే పెట్టారు. కాలికి తొట్టెలాంటిది, లోపల ఉన్ని పరిచి ఉంటుంది. కాలు అందులో కట్టేసి స్విచ్ వేస్తే మెల్లగా వంచుతుంది, మెల్లగా చాపుతుంది. ఉయ్యాల ఊపినట్టే ఉంటుంది గాని, దానికి పాట రాదు, మూలుగు మాత్రం వస్తుంది. రోజుకు ఆరు గంటలు, ఆరు వారాలు. కాలి మీద బరువు వెయ్యకూడదు.

ఫిజియో అమ్మాయి వచ్చి చూపించింది. "నొప్పి అంటే వేగం తగ్గించండి ఆంటీ, వంపు తగ్గించండి. ఆపెయ్యడం మాత్రం వద్దు. ఇప్పుడు వేసినవి పసికూనలు. కదలికే వాటికి పాలు."

సరేనన్నాను.

మే 27

చాలా నొప్పి. పెదవి కొరుక్కుంటుంది గాని నోరు విప్పదు. వాళ్ళ నాన్న పోలిక.

మే 29

మందు వేసుకుని పిల్ల కళ్ళు మూసుకుంది. మిషను వంచిన ప్రతిసారీ నుదురు ముడుచుకుంటోంది. నిద్రలో కూడా నొప్పి తెలుస్తోంది పాపం. బళ్ళో పసిపిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టే చేతులు ఇవి. చూస్తూ ఎలా ఊరుకుంటాయి? కాసేపు ఆపాను. నుదురు సర్దుకుంది. మళ్ళీ వేశాను.

కాసేపే.

జూన్ 2

ఈ రోజు కాస్త ఎక్కువసేపు ఆపాను. మళ్ళీ వేద్దామనుకుంటుండగా పిల్లకు మెలకువ వచ్చింది.

"ఆగిందేంటమ్మా?"

"కరెంటు పోయింది" అన్నాను.

అంటూనే పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. పిల్ల కళ్ళు ఇంకా మగతగానే ఉన్నాయి. "ఊఁ" అని మళ్ళీ నిద్రలోకి జారుకుంది. పైకి చూడలేదనే అనుకుంటున్నాను.

అబద్ధం చెప్పాను. పిల్ల నొప్పి కోసం చెప్పాను. క్షమించు.

జూన్ 3

ఈసారి ఫ్యాను కూడా ఆపాను. గది ఉడికిపోయింది. పిల్ల మెడ కింద చెమట పడితే పక్కన కూర్చుని అట్టముక్కతో విసిరాను. అది నిద్రపోతోంది, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయన పోయిన తరవాత అంత ప్రశాంతంగా ఎప్పుడూ కూర్చోలేదు.

జూన్ 5

ఫిజియో అమ్మాయి మోకాలు వంచి చూసి మూతి ముడిచింది. "ఈపాటికి ఇంకా వంగాలే. మిషను సరిగ్గా నడుస్తోందా?"

"మధ్యాహ్నం పూట కరెంటు కోత ఉంటోందమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆ అమ్మాయి పిల్లవైపు చూసింది. పిల్ల ఫోనులో ఏదో చూసుకుంటూ, తల ఎత్తకుండానే, "అవునండీ, మా వీధికొచ్చే ఫీడర్ లైను మీద పనులు జరుగుతున్నాయి" అంది.

స్వామే ఆ మాట దాని నోట పలికించాడు. నిద్రలో విన్నది నమ్మేసింది, పాపం.

"అయితే రాత్రిపూట వేసి ఆరు గంటలు పూర్తి చెయ్యండి" అని వెళ్ళిపోయింది ఫిజియో అమ్మాయి.

రాత్రి పిల్ల అలిసిపోయి ఉంటుంది. చూడాలి.

జూన్ 9

ఆపాను.

జూన్ 10

ఆపాను. నొప్పి ఎక్కువగా ఉందని.

జూన్ 12

ఈ రోజు నొప్పి లేదంది. అయినా ఆపాను. అలవాటైన విశ్రాంతి ఒక్కసారిగా తీసేస్తే మంచిది కాదు.

జూన్ 15, ఆదివారం

బాబాయి గ్యాంగు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. గదంతా నవ్వులు. పిల్ల పనికి రావడం మానినప్పటి నుంచి స్తంభాలన్నీ పొడుగైపోయాయని ఒకడు, తీగల మీద నిజం పిచ్చుకలు తిరిగొచ్చాయని ఇంకొకడు. పిల్ల వాళ్ళకంటే గట్టిగా నవ్వింది. "వచ్చే ఎండాకాలానికి చూడండి, మీ అందరికంటే ముందు పైన ఉంటాను" అంది.

వెళ్ళేటప్పుడు బాబాయి గుమ్మంలో ఆగి, "నీ కడుపున పులి పుట్టింది వదినా. దీన్ని చూస్తే అన్న గుర్తొస్తాడు. భయమంటే తెలీదు" అన్నాడు.

"అన్నకు భయం తెలిసుంటే బాగుండేది" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. బాబాయి చెప్పులు వేసుకుంటూ తల దించుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక పిల్ల గోడవైపు తిరిగి చాలాసేపు పడుకుంది. మిషను వెయ్యనా అంటే, "నీ ఇష్టమమ్మా" అంది.

నా ఇష్టమట.

జూన్ 24

స్వామీ, నేను పిల్ల నొప్పి తగ్గించడానికే ఆపుతున్నాను. నీకు తెలుసు.

జూలై 6

మిషను తీసుకెళ్ళిపోయారు. మంచం ఖాళీగా ఉంది. కర్రల సాయంతో నడుస్తోంది. నడక వచ్చేసింది కదా, ఇక అంతా సర్దుకుంటుంది.

జూలై 30

కింద కూర్చోలేకపోతోంది. మోకాలు సగంలో ఆగిపోతుంది, తలుపు సందులో ఏదో అడ్డం పడ్డట్టు. సాయంత్రానికి వాచిపోతోంది. ఫిజియో అమ్మాయి వంచుతుంటే మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆ అమ్మాయి ఆపలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి చెవులు మూసుకున్నాను.

ఆగస్టు 19

బడి నుంచి వచ్చేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. మా వాటా రెండో అంతస్తు. మధ్యలో ఆగిపోయిందట.

"ఎంతసేపయిందే?"

"ఇప్పుడే" అంది. పక్కవాటా ఆవిడ తరవాత చెప్పింది, మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉందని, సాయం పడతానంటే వద్దందని.

స్తంభం ఎక్కే పిల్ల.

సెప్టెంబరు 16, మంగళవారం

డాక్టరు గారు స్కాన్ చూపించారు.

వేసిన కణాలు సగానికి పైగా పట్టలేదు. ఆ గుంటలో నున్నటి పొరకు బదులు పుండు మానినప్పుడు వచ్చే గట్టి పీచు పెరిగింది. కీలు లోపల కూడా అలాంటి పట్టీలే అతుక్కుపోయాయి. అందుకే వంగడం లేదు. ఇప్పట్లో మళ్ళీ కోయకూడదన్నారు. ఉన్న పొరను అరగకుండా కాపాడుకోవాలి, రోజూ కదిలించాలి, అంతే.

"మిషను రోజూ ఆరు గంటలు వేశారా?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను.

"మధ్యమధ్యలో ఆపేశాను సార్. నొప్పికి ఓర్చుకోలేక" అంది పిల్ల.

డాక్టరు గారికి కోపం వచ్చింది. "చెప్పాను కదమ్మా మొదటి రోజే, కదలకపోతే పస్తని. చదువుకున్నదానివి." పిల్ల తల దించుకుని వింది. తరవాత ఆయనే మెత్తబడి, "కొందరికి అన్నీ సరిగ్గా చేసినా పట్టవులే. ఫలానా దానివల్లే అని చెప్పలేం" అన్నారు.

ఆ మాట గట్టిగా పట్టుకుని ఇంటికి వచ్చాను. అన్నీ సరిగ్గా చేసినా పట్టవు. డాక్టరు గారే అన్నారు.

సెప్టెంబరు 17

నేను చెయ్యాల్సిన ఒప్పుకోలు అది ఎందుకు చేసింది? మగతలో చెయ్యి తగిలి తనే ఆపేసిందనుకుంటోందేమో.

సెప్టెంబరు 25

దేవుడి ముందు కూర్చోలేదు. ఒంట్లో బాగాలేదు.

అక్టోబరు 3

ఆఫీసు వాళ్ళు పరీక్ష చేసి, స్తంభాల పనికి పనికిరాదని తేల్చేశారు. ఫిర్యాదుల గదిలో కూర్చోబెట్టారు. కరెంటు లేదని జనం ఫోన్ చేస్తే ఏ వీధో రాసుకుని గ్యాంగుకు చెప్పాలి.

నేను అడిగింది ఇదే కదా. పైకి పంపకు అన్నాను, పంపలేదు. అడిగిన వరం చేతికి వచ్చినప్పుడు మొక్కు చెల్లించాలి. ఏం చెల్లించను? పిల్ల ఇంటికి వస్తే ముందు మెట్ల కింద నిలబడి ఊపిరి పీల్చుకుంటుంది. నేను పైనుంచి వింటాను. ఒక్కొక్క మెట్టూ వింటాను.

అక్టోబరు 9, గురువారం

చెప్పేశాను.

పిల్ల ఆఫీసు నుంచి వచ్చి, మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వీధి చివర స్తంభం మీద ఎవరో పని చేస్తున్నారు, బాబాయి కింద నిలబడి పైకి చూస్తూ ఏదో అరుస్తున్నాడు. పిల్ల కళ్ళు అక్కడే ఉన్నాయి. పైనున్న కుర్రాడు కాలు మార్చినప్పుడల్లా దీని వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంటున్నాయి.

"మిషను ఆపింది నేనే" అన్నాను. చిన్న గొంతుతోనే అన్నాను, నాకు వచ్చిన గొంతు అంతే. "కరెంటు పోలేదు. ఒక్కరోజు కూడా పోలేదు. నేనే ఆపాను. మొదట నొప్పి చూడలేక ఆపాను. తరవాత నువ్వు మళ్ళీ ఎక్కకూడదని ఆపాను."

ఆ రెండో మాట ఇన్ని నెలలూ ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

పిల్ల తల తిప్పలేదు.

"తెలుసమ్మా."

"ఎప్పటి నుంచి?"

"మన వీధికి కరెంటు పోతే నీకంటే ముందు నాకు తెలుస్తుంది. ఫోనులో మా గ్యాంగు గ్రూపులో రాస్తారు, ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది, ఎప్పుడొస్తుంది. ఇంట్లో పడుకుని రోజంతా అదేగా చూసేదాన్ని." మళ్ళీ తనే, "కరెంటోళ్ళ ఇంట్లో కూర్చుని కరెంటు పోయిందని అబద్ధమాడితే ఎలాగమ్మా. ఇంకేదన్నా చెప్పాల్సింది" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"మరి నాతో ఎందుకు అనలేదు? ఫిజియో అమ్మాయితో అవునని ఎందుకన్నావు?"

ఐసు సంచి తీసి కింద పెట్టింది.

"జారినప్పుడు బెల్టుకు వేలాడాను కదా, బాబాయి వాళ్ళు దింపేదాకా. కింద నేల చూశాను. అప్పటి నుంచి కళ్ళు మూస్తే ఆ నేలే. మళ్ళీ ఎక్కలేనమ్మా. ఆ మాట బాబాయితో ఎలా చెప్పను? వాళ్ళందరూ పులి, పిచ్చుక అంటుంటే ఎలా చెప్పను? నాన్న పని అది. ఎక్కలేనని నా బదులు కాలే చెప్పేస్తే బాగుండును అనుకున్నాను. నువ్వు స్విచ్ ఆపేదానివి, అట్టతో విసిరేదానివి. నేను నిద్రపోతున్నట్టు పడుకునేదాన్ని. హాయిగా ఉండేది."

స్తంభం మీది కుర్రాడు దిగిపోయాడు. బాబాయి వాడి వీపు మీద చరిచాడు.

"ఇంత అవుతుందనుకోలేదు" అంది పిల్ల. "ఎక్కలేను, ఆఫీసులో కూర్చుంటాను, అంతే అనుకున్నాను. మెట్ల దగ్గర కూడా ఆగిపోతాననుకోలేదు."

నోరు విప్పి నాకు భయంగా ఉంది అని ఒక్క మాట నేను దానితో అనుంటే, అది నాతో అనుంటే, బాగైన కాలితోనే ఆ కుర్చీలో కూర్చునేది. ఉద్యోగం మార్చమని ఒక అర్జీ పెడితే సరిపోయేది. ఇద్దరం నోరు మూసుకుని మోకాలిని పస్తు పెట్టాం.

అక్టోబరు 10

అది చెప్పింది నిజమో, నా మీది బరువు సగం తను ఎత్తుకోవడానికి చెప్పిందో తెలియదు. డాక్టరు గారి ముందు కూడా అలాగే ఎత్తుకుంది. అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. నిజమే అంటే నేను కాస్త తేలికపడతాను, ఆ తేలిక నాకు వద్దు.

అక్టోబరు 14

ఫిజియో అమ్మాయి ఇంటి వ్యాయామం నేర్పింది. ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి మోకాలి పైన పెట్టి వంచాలి, పట్టి ఉంచాలి, చాపాలి. మిగిలిన పొరకు తిండి అందాలంటే ఇదొక్కటే దారి. పొద్దున్నే చెయ్యాలి, బడికి వెళ్ళకముందు.

ఈ రోజు మొదలుపెట్టాం. మంచం అంచున కూర్చుని పాదం ఒళ్ళోకి తీసుకున్నాను. వంచుతుంటే లోపల ఎక్కడో ఇసుక రాసుకున్నట్టు చేతికి తగిలింది. పిల్ల పెదవి కొరుక్కుంది, నుదురు ముడుచుకుంది. నా చేతులు వదిలెయ్యబోయాయి.

"ఇంకాస్త" అంది.

వంచాను.

"అమ్మా, నొప్పి" అంది.

"తెలుసే" అన్నాను. మోకాలు వదల్లేదు.